సోమవారం సంతకాలు

మూలకుళం, పుదుచ్చేరి
12 ఏప్రిల్ 2001

అన్నయ్యా,

వదిన పంపిన మాగాయ చేరింది. జాడీ మూత వదులై బుట్టంతా నూనె అయింది. అత్తగారు ఆ నూనెని కూడా వదల్లేదు, అన్నంలో కలుపుకుని తిన్నారు.

అసలు సంగతి ఎలా ఎత్తుకోవాలో తెలియక ఊరగాయతో మొదలుపెట్టాను. నేను ఎలక్షన్లలో నిలబడుతున్నాను. ఎమ్మెల్యేకి. నవ్వకు.

మీ బావగారు ఇంజినీరుని కొట్టిన కేసు నీకు తెలుసు కదా. పోయిన నెల అందులో రెండేళ్ళ శిక్ష పడింది. అప్పీలు వేసుకుని బయటే ఉన్నారు గానీ ఈసారి పోటీ చేయడానికి వీల్లేదట. రెండుసార్లు గెలిచిన సీటు. వారం రోజులపాటు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. నిన్న పొద్దున నేను పెసరట్టుకి పప్పు రుబ్బుతుంటే ఆయనా, ఆయన పీఏ సౌందరరాజనూ నేరుగా వంటింట్లోకే వచ్చారు.

"చెయ్యి కడుక్కొని రా సత్యా. ఒక సంతకం పెట్టాల" అన్నారు.

"ఏమిటది?"

"నామినేషను. ఈ తూరి నిలబడేది నీవే."

"నాకు రాజకీయం ఏం తెలుసండీ?"

"నీకు తెలియాల్సింది ఏంది? నిలబడేది నీవు, చూసుకునేది నేను. సుమ్మా, ఊరికే పెట్టు."

అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఈ ఇంటి మర్యాద ఇప్పుడు నీ చేతిలో ఉండాది అమ్మా" అన్నారు. ఔనన్నానో కాదన్నానో నాకే గుర్తు లేదు. చేతి తడి ఆరకముందే సంతకం పెట్టేశాను.

ఆర్తి కాలేజీ నుంచి వచ్చి సంగతి విని నన్ను ఎత్తి తిప్పినంత పని చేసింది. వాళ్ళ నాన్న ఏం చేసినా దానికి గొప్పే. పశువుల డాక్టరు చదువులో ఉంది గానీ బుద్ధి ఇంకా చిన్నపిల్లదే.

ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటావు?

నీ చెల్లెలు
సత్యవతి


యానాం
20 ఏప్రిల్ 2001

సత్యా,

నీ ఉత్తరం మొదట నేను చదువుకున్నాను, తర్వాత మీ వదినకి పైకి చదివి వినిపించాను. అదే నేను చేసిన పొరపాటు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. పాలవాడు కూడా "మన సత్యవతమ్మగారు మంత్రి అవుతారా మాస్టారూ?" అని అడిగాడు.

భయం అంటావేమిటి? ఎనిమిదో తరగతిలో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు క్లాసులో అందరూ నేలచూపులు చూస్తుంటే నువ్వొక్కదానివే లేచి పద్యం అప్పజెప్పావు. నేను ఆ బడిలోనే పంతుల్ని కదా, కిటికీలోంచి చూశాను. అంతటి దానివి ఇప్పుడు భయపడటమేమిటి? కొత్త పనికి ఎవరికైనా కాస్త బెరుకు ఉంటుంది. వెనకాల బావగారు ఉన్నారు. ఆయన చెప్పినట్టు నడుచుకో, అన్నీ అవే సర్దుకుంటాయి.

నాకు కంట్లో శుక్లం ముదిరిందన్నారు. ఎండలు తగ్గాక ఆపరేషను.

ఇంకొక మాట. ఉమామహేష్ డిగ్రీ అయి మూడేళ్ళయింది. పొద్దున్నే పేపరు తిరగేసి, మధ్యాహ్నం పడుకుంటున్నాడు. కన్నతండ్రిని, చూడలేకపోతున్నాను. నువ్వు గెలిచాక ఇక్కడి ఆఫీసుల్లో ఎక్కడైనా ఒక మాట చెప్పించగలవేమో. తొందరేమీ లేదు, గెలిచాకే.

విజయం నీదేనని నమ్ముతూ
అన్నయ్య భీమశంకరం


మూలకుళం
3 ఫిబ్రవరి 2002

అన్నయ్యా,

గెలిచి తొమ్మిది నెలలు కావస్తోంది. ఇన్నాళ్ళకి కుదురుగా కూర్చుని రాస్తున్నాను. ఎమ్మెల్యేకి తీరిక ఎక్కడిది అంటావేమో. నాకు బోలెడంత ఉంది.

పొద్దున ఏడింటికే వరండాలో జనం ఉంటారు. నేనొక కుర్చీలో, ఆయన పక్క కుర్చీలో. వచ్చినవాళ్ళు నాకు దణ్ణం పెట్టి, ఆయన వైపు తిరిగి కష్టం చెప్పుకుంటారు. మొన్న ఒక ముసలావిడ పింఛను గురించి నాకే చెప్పబోయింది. సౌందరరాజన్ ఆమె భుజం పట్టుకుని మెల్లిగా అటు తిప్పాడు. అసెంబ్లీలో నేను అడగాల్సిన ప్రశ్న ముందురోజే టైపు చేసి ఇస్తారు. చదివి కూర్చుంటాను. జవాబు ఏం వచ్చిందో ఇంటికొచ్చాక ఆయనే చెబుతారు.

సోమవారం వస్తే నా పేరు అచ్చువేసిన లెటర్‌ప్యాడు తెచ్చి బల్ల మీద పెడతారు. ఇరవై కాగితాలో ముప్పై కాగితాలో. కింద నేను సంతకం పెట్టాలి. పైన ఏమీ ఉండదు. "పైన ఏం రాస్తారు?" అని ఒకసారి అడిగాను. "జనానికి కావాల్సింది రాస్తారు. నీకెందుకు కవలె?" అన్నారు. దిగులుని ఇక్కడ కవలె అంటారు.

ఉప్పళంలో చిన్న కొట్టు ఒకటి ఉండేది. వారానికోసారి వెళ్ళి దారాలు, గుండీలు ఏరుకుని, అలా నడిచి వచ్చి బస్సెక్కేదాన్ని. ఇప్పుడు నడవకూడదట. కారు, ముందు సీట్లో ఒక మనిషి. గుండీలు కావాలంటే పెట్టెడు ఇంటికే వస్తున్నాయి. ఏం చేసుకోను?

ఉమామహేష్‌కి ఉద్యోగం వేయించినందుకు నువ్వు దీవిస్తూ రాశావు. ఆ ఉత్తరం వచ్చేదాకా నాకు ఆ సంగతే తెలియదు. నా సిఫారసు మీదే వేశారని ఆయన నవ్వుతూ చెప్పారు. వాడికి మంచి జరిగింది, అంతే చాలు. నన్ను మెచ్చుకోకు.

ఒక పది రోజులు అక్కడ ఉండాలనిపిస్తోంది. నువ్వు వచ్చి తీసుకెళ్తే ఆయన కాదనలేరు. వదినకి మోకాళ్ళ నొప్పులని చెప్పు. నేను అడిగానని మాత్రం చెప్పకు.

ఎదురుచూస్తూ
సత్య


యానాం
19 ఫిబ్రవరి 2002

సత్యా,

నువ్వు చెప్పవద్దన్నావు గానీ, మన బావగారి దగ్గర దాపరికం దేనికని నేనే ఫోన్ చేశాను. "సత్య బాగా అలిసిపోయినట్టుంది, పది రోజులు పంపండి" అన్నాను. ఎంత మర్యాదగా మాట్లాడారనుకున్నావు! "సభ జరగతా ఉండాది బావా. అయినాక నేనే పిలుచుకొని వస్తా. ఉత్తరంలో ఏమేం రాసింది?" అని నవ్వుతూ అడిగారు. నాలుగు ముక్కలు చెప్పాను, ఆ సోమవారం కాగితాల సంగతి కూడా. నీ పనిభారం కాస్త తగ్గిస్తారని చెప్పానే తప్ప వేరే ఉద్దేశం లేదు.

ఇన్ని పనులు నెత్తిన పడ్డప్పుడు నీకు కాస్త చిరాకు సహజమే. కొత్తలో నాకూ హెడ్మాస్టరు పని అలాగే ఉండేది.

ఉమామహేష్‌కి ఆఫీసులో కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తుంటే మీ వదిన వీధి చివరిదాకా చూస్తూ నిలబడుతోంది. కన్ను ఆపరేషను బాగా జరిగింది. నీ అక్షరాలు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఆశీస్సులతో
అన్నయ్య


మూలకుళం
27 ఫిబ్రవరి 2005

అన్నయ్యా,

మూడేళ్ళుగా నీకు పండగ కార్డులే పంపాను. నీ ఫోన్ తర్వాత ఆయన నన్నేమీ అనలేదు. తెలుగు చదవడం వచ్చిన గుమాస్తాని ఒకణ్ణి ఆఫీసులో పెట్టుకున్నారు, అంతే. నా ఉత్తరాలు సౌందరరాజన్ చేతుల మీదుగానే పోస్టుకి వెళ్ళేవి. నీ మీద కోపం ఎప్పుడో పోయింది. దీన్ని ఆర్తి స్వయంగా డబ్బాలో వేస్తానంది.

డిసెంబరులో సునామీగా సముద్రం ఊళ్ళోకి వచ్చిన రోజు ఆయన ఊళ్ళో లేరు. డ్రైవరు సెలవులో ఉన్నాడు. ఆర్తి స్కూటరు తీసి "ఎక్కమ్మా" అంది. నా నియోజకవర్గంలోని జాలర్ల వాడ కురుచికుప్పం వెళ్ళాం. పడవలు వీధి మధ్యలో అడ్డం పడి ఉన్నాయి. తడిసిన బియ్యం వాసన, చేపల వాసన, డీజిలు వాసన. ఆడవాళ్ళు కల్యాణ మండపంలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేనూ వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చున్నాను. పన్నెండు రోజులు వరసగా వెళ్ళాను. పాలపొడి పంచాను, పేర్లు రాశాను, ఒక ఆఫీసరుతో గట్టిగా పోట్లాడాను. ఎవరూ పక్కకి తిరిగి మాట్లాడలేదు, అన్నీ నాతోనే చెప్పుకున్నారు. ఆ పన్నెండు రోజులే అన్నయ్యా, నేను ఎమ్మెల్యేగా ఉన్నది.

పోయిన వారం ఆ కుప్పం పెద్ద వీరాసామి ఇంటికి వచ్చాడు. ఆయన లేని సమయం చూసుకునే వచ్చాడు. చేతిలో ఒక నకలు కాగితం.

"మాతో కూర్చుని గంజి తాగారు కదమ్మా. మరి ఇది ఎందుకు రాశారు?" అని తమిళంలో అడిగాడు.

నా లెటర్‌ప్యాడు. ఒడ్డున ఉన్న ఇళ్ళవాళ్ళంతా ఊరి బయటికి వెళ్ళిపోవడానికి ఒప్పుకున్నారనీ, ఆ జాగా ఒక హోటలు కంపెనీకి ఇవ్వడానికి ఎమ్మెల్యేగా నాకు అభ్యంతరం లేదనీ ఉంది. కింద నా సంతకం. దొంగ సంతకమైతే బాగుండేది. నా చేత్తో పెట్టిందే, ఏదో సోమవారం.

ఆయన రాగానే అడిగాను.

"ఇది నేను రాయలేదు."

"నీ సంతకమే గదా. తప్పు యాడ ఉండాది?"

"వాళ్ళెవరూ ఒప్పుకోలేదండీ. సముద్రం వదిలి అంత దూరం పోతే వేటకి ఎలా వెళ్తారు?"

"ఆ కవలె నాది. నీవు పన్నెండు రోజులు పాలపొడి పంచినావు, ఫోటోలు బాగా వచ్చినాయి, చాలు." చెప్పులు విప్పుతూ, "మీ అన్న కొడుకు ఇంకా టెంపరరీనే గదా? జూన్‌లో పర్మనెంటు చేస్తారంట. యోచన చెయ్" అన్నారు.

మార్చిలో సభ మొదలవుతుంది. లేచి నిలబడి ఆ మాట నాది కాదని చెప్పాలనుకుంటున్నాను. కానీ పోయేది ఉమామహేష్ ఉద్యోగం. నాకు నేనుగా తేల్చుకునే హక్కు లేదు. ఏం చేయమంటావో రాయి.

నీ జవాబు కోసం
సత్య


యానాం
9 మార్చి 2005

సత్యా,

నీ ఉత్తరం అందిన రోజునే ఉమామహేష్ పెళ్ళి ఖాయమైంది. పిల్ల పేరు కావ్యశ్రీ. తాంబూలాలు పుచ్చుకున్నాం. వాళ్ళ నాన్న మొదట అడిగిన మాట "పర్మనెంటు ఎప్పుడండీ?" అని. జూన్‌లో అని చెప్పాను. నేను మాట ఇచ్చాను సత్యా.

నువ్వే ఆలోచించు. సంతకం నీదేనని నువ్వే అంటున్నావు. అలాంటప్పుడు నలుగురిలో లేచి మాట నాది కాదంటే నవ్వరా? భార్యాభర్తల మధ్య మాట పట్టింపులు ఎవరికైనా ఉంటాయి, వాటిని సభదాకా లాగుతారా? ఆ జాలర్ల గోడు వినడానికి వేరే నాయకులు ఉంటారు. ఉమామహేష్‌కి మేనత్తవి నువ్వొక్కదానివే.

జూన్ దాకా ఆగు. మూడు నెలలే. ఆ తర్వాత నీ ఇష్టం.

రాసింది ఒకసారి పైకి చదవమని మీ వదిన అంది. నేను చదవలేదు.

అన్నయ్య


మూలకుళం
2 ఏప్రిల్ 2005

అన్నయ్యా,

నీ మాటే వినాలనుకున్నాను. రెండు వారాలు సభలో నోరు మూసుకుని కూర్చున్నాను.

మొన్న ఎవరో కురుచికుప్పం గురించి ప్రశ్న వేశారు. జవాబు చెబుతూ మంత్రి నా ఉత్తరం పైకెత్తి చూపించారు. "అక్కడి ఎమ్మెల్యేనే ఒప్పుకున్నారు, ఇక మీకెందుకు?" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. పైన గ్యాలరీలో వీరాసామి ఉన్నాడు, ఇంకా నలుగురు ఆడవాళ్ళు. ఆ నలుగురిలో ఒకామె బిడ్డకి నేను పాలు పట్టాను. ఆమె నన్నే చూస్తోంది. అన్నయ్యా, నేను లేచాను.

"సంతకం నాది. రాసింది నేను కాదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాను, అది నా తప్పు. కురుచికుప్పంలో ఒక్కరు కూడా ఒప్పుకోలేదు" అన్నాను. తమిళంలోనే అన్నాను. కొందరు నవ్వారు. తర్వాత పెద్ద గొడవైంది. మర్నాడు పేపర్లన్నిట్లో వచ్చింది. ఆ ఫైలు ప్రస్తుతానికి పక్కన పెట్టారు.

ఇంటికి వచ్చాక ఆయన అరుస్తారనుకున్నాను. కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. అత్తగారు నా కంచం వేరేగా పెట్టించారు. మూడో రోజు భోజనాల దగ్గర ఆయన అందరూ వినేలా, "వచ్చే ఎలక్షన్లకి నీవు వద్దులే. జనవరికి ఆర్తికి ఇరవై అయిదు నిండతాది. ఆర్తి నిలబడతాది" అన్నారు.

ఆర్తి అన్నం కలుపుతూ ఆగిపోయింది. హైదరాబాదులో దానికి పైచదువుకి సీటు వచ్చింది. రెండేళ్ళుగా దానికోసమే చదివింది.

"సీటు వచ్చింది గదా నాన్నా?"

"యాడికి పోతాది చదువు? అయిదేండ్లు నాన్న కోసరం ఉండు. తరువాత చదువుకో."

అది నా వైపు చూడలేదు. వాళ్ళ నాన్ననే చూసి, తలూపింది.

ఉమామహేష్‌కి ఏం జరిగినా అది నా వల్లే. నువ్వు తిట్టినా పడతాను.

సత్య


యానాం
30 ఏప్రిల్ 2005

సత్యవతికి,

ఉమామహేష్‌ని రేపటి నుంచి రావద్దన్నారు. కావ్యశ్రీ నాన్నగారు వచ్చి తాంబూలాలు వెనక్కి ఇచ్చి వెళ్ళారు. వాడు గదిలోంచి బయటికి రావడం లేదు.

మూడు నెలలు ఆగమన్నాను. ఆగలేకపోయావు.

ఇకమీదట ఈ ఇంటికి ఉత్తరాలు రాయకు.

భీమశంకరం


మూలకుళం
21 మే 2006

అన్నయ్యా,

రాయవద్దన్నావు. ఏడాది పాటు రాయలేదు. ఈ ఒక్కటీ చదువు. దీన్ని వీరాసామి పోస్టులో వేస్తానన్నాడు. నేను మళ్ళీ గెలిచానని పేపర్లో చూసే ఉంటావు. ఏమనుకుని ఉంటావో ఊహించగలను.

సభలో నేను మాట్లాడిన తర్వాత కురుచికుప్పం వాళ్ళు గుంపుగా ఇంటికి వచ్చారు. "అమ్మ నిలబడితేనే మా ఓట్లు" అని ఆయన ముఖం మీదే చెప్పి వెళ్ళారు. చుట్టుపక్కల వాడల్లోనూ అదే మాట. ఆ రోజు నేను లేచింది ఈ కుర్చీలోంచి బయటపడటానికి. అదే నన్ను తెచ్చి మళ్ళీ ఇందులో కూర్చోబెట్టింది. పోయిన జూలైలో ఒక మధ్యాహ్నం ఆయన నా గదికి వచ్చారు. ఏడాది పొడుగునా ఆయన నా గదికి వచ్చింది ఆ ఒక్కసారే.

"సత్యా, నీవే నిలబడాల."

"ఆర్తి నిలబడుతుందన్నారుగా."

"ఆర్తికి ఓట్లు పడవు. నీకు పడతాయి."

నేను రెండు అడిగాను. ఆర్తిని చదువుకి పంపాలి. ఖాళీ కాగితాల మీద ఇక సంతకం పెట్టను.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. "రెండిట్లో ఒకటి అడుగు. రెండూ అంటే నేను ఓడిపోయినా పరవాలేదు, ఆర్తినే నిలబెడతా. అది నా మాట దాటదు, నీకు తెలుసు" అన్నారు.

నాకు తెలుసు. అందుకే ఆర్తి చదువునే అడిగాను.

కురుచికుప్పం జోలికి వెళ్ళనన్నారు. వాళ్ళ ఓట్లు కావాలి కాబట్టి ఆ మాట నిలబెట్టుకుంటారు. మిగతావాటికి హామీ లేదు. మళ్ళీ సోమవారం సోమవారం సంతకాలు పెడుతున్నాను. పైన ఏం రాస్తున్నారో, ఎవరి ఇల్లు పోతోందో నాకు తెలియదు. వరండాలో ఎవరైనా చేతిలో కాగితం పట్టుకుని వస్తుంటే ముందు దాని కింద సంతకం కోసమే చూస్తున్నాను.

ఆగస్టులో ఆర్తిని రైలెక్కించాను. సంతోషంగానే వెళ్ళింది. ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేసింది. "నన్ను చదువు కోసరం పంపించినావని అనుకున్నా. నీ సీటుకి నేను అడ్డం రాకుండా పంపించినావని ఇప్పుడు తెలిసింది. నాన్న అన్నీ చెప్పినాడు" అంది. ఆయన ఏం చెప్పారో నేను అడగలేదు. కాదని కూడా అనలేదు. నిజం తెలిస్తే అది మర్నాడే పుస్తకాలు వదిలేసి వస్తుంది. "నీవు ఇంట్లో కూర్చో అమ్మా, నేను చూసుకుంటా" అంటుంది. అలాంటి పిల్ల అది.

దానికి నువ్వు కూడా చెప్పకు. నా మీద ఎంత కోపం ఉన్నా సరే, ఇదొక్కటి మాత్రం చెప్పకు.

ఉమామహేష్ ఎలా ఉన్నాడు?

సత్య


యానాం
8 అక్టోబరు 2006

సత్యా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగున్నర నెలలు పట్టింది. ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు ఉమామహేష్ సంగతి. కాకినాడలో ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. జీతం తక్కువే గానీ ఆ పని వాడే వెతుక్కున్నాడు. కావ్యశ్రీకి వేరే సంబంధం చేశారు. మొదట్లో మీ వదిన రోజూ ఏడ్చేది, ఇప్పుడు మానేసింది.

దసరా సెలవులకి ఆర్తి వచ్చింది. అయిదు రోజులు ఉంది. పక్కింటి వాళ్ళ గేదె ఈనడానికి కష్టపడుతుంటే మోచేతుల దాకా చేతులు పెట్టి దూడని తీసింది. వీధంతా చుట్టూ చేరి చూసింది. మీ వదిన ముఖం చూడాలి నువ్వు.

ఆ రోజు భోజనాల దగ్గర మాటల్లో నీ పేరు వచ్చింది. "మా అమ్మకి కుర్చీ అంటే ఎంత ఆశనో మామా! నాన్న నన్ను నిలబెడతా అంటే ఆమెకి పడలేదు. బావ ఉద్యోగం పోయినా ఆమెకి పట్టలేదు" అంది. ఉమామహేష్ తల వంచుకున్నాడు. మీ వదిన నోరు తెరవబోయింది. నేను బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "అన్నం చల్లారిపోతోంది, తినమ్మా" అన్నాను. ఆ పిల్ల ముందు నీ తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేను పెరుగన్నం తిన్నాను సత్యా. అంతకన్నా ఎవరైనా నన్ను తన్ని ఉంటే బాగుండేది.

నువ్వు ఏం చేయాలో చెప్పమని నన్ను ఒకసారి అడిగావు. నేను నా కొడుకుని చూసుకున్నాను. నువ్వు నీ కూతుర్ని చూసుకున్నావు. కాకపోతే నేను చూసుకున్నది నీ ఖర్చు మీద. నిన్ను తిట్టే అర్హత నాకు అప్పుడూ లేదు. మన్నించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

నిన్న ఆర్తిని బస్సెక్కించడానికి వెళ్ళాను. సీట్లో కూర్చున్నాక కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మామా, అమ్మ మీకు ఉత్తరాలు రాస్తాది గదా. నా గురించి ఏమన్నా రాస్తాదా?" అని అడిగింది. కళ్ళు నీవే, అచ్చం.

"బాగా చదువుకోవాలని రాస్తుందమ్మా" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

బస్సు మలుపు తిరిగేదాకా నన్నే చూస్తూ ఉంది. నేను చెప్పలేదు సత్యా.

ఉత్తరం రాస్తూ ఉండు.

నీ అన్నయ్య
భీమశంకరం